మునగనివాళ్ళకు బల్ల లేదు

మా చర్చి గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద ఉన్న గడ్డం మనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కింద రాసిన పేరు మాత్రం ఐదు వందల ఏళ్ళ కిందట స్విట్జర్లాండులో నీళ్ళలో ముంచి చంపిన ఒక సంస్కర్తది. ఆయన బతికుండగా ఎవరూ ఆయన బొమ్మ గీసినట్టు నేను చదివినదాంట్లో లేదు. నెల్లూరులో ఫ్లెక్సీలు కొట్టేవాడికి ఆ గొడవ ఎందుకు? ఫోన్లో దొరికిన గడ్డాన్ని తెచ్చి అతికించాడు. దాని పక్కన మా పాస్టరు గారు, సూటు వేసుకుని, మైకు పట్టుకుని, ఆకాశం వైపు వేలు చూపిస్తూ. సంస్కర్త అరచెయ్యంత, పాస్టరు తలుపంత. పండగ ఎవరిదో చూసినవాళ్ళకు ఇట్టే తెలిసిపోయేది.

మా ఊరు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ సంఘానికి కోడలిగా వచ్చాను. ఇక్కడ పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. పెద్దయ్యాక, ఎవరికి వాళ్ళు నమ్మి, నిలువునా నీళ్ళలో మునిగి లేవాలి. మా పుట్టింటి సంఘం వేరు. అక్కడ పసిబిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు చిలకరిస్తే అదే బాప్తిస్మం. నాకూ మా చెల్లెలికీ అలాగే చిలకరించారు. నా పెళ్ళి కుదిరినప్పుడు, మునిగితేనే ముహూర్తం అన్నారు ఇక్కడివాళ్ళు. మునిగాను. నిజంగా నమ్ముతున్నావా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. తడిసిన జడ పెళ్ళి వేళకు ఆరుతుందా అని మాత్రం మా అత్త అడిగింది. చెల్లెల్ని మనుబోలులో, చిలకరించే సంఘం వాళ్ళకే ఇచ్చారు కాబట్టి దానికి ఈ తంటా రాలేదు.

దానికి వచ్చింది గొంతు కేన్సర్. చెన్నైలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ కింద, రెండు ఎముకల మధ్య గుంటలో, ఒక రంధ్రం పెట్టారు. ఇప్పుడు అది ఊపిరి పీల్చేది ముక్కుతో కాదు, ఆ రంధ్రంతోనే. మాట్లాడాలంటే బొటనవేలితో రంధ్రం మూయాలి. లోపల అమర్చిన చిన్న గొట్టం వల్ల గరగరమంటూ ఒక గొంతు వస్తుంది. వేలు తీస్తే మాట ఆగిపోతుంది. దగ్గు వస్తే కఫం కూడా ఆ రంధ్రంలోంచే వస్తుంది, అందుకని మెడకు ఎప్పుడూ ఉతికిన తెల్లగుడ్డ కట్టుకుంటుంది. తినేదీ తాగేదీ మాత్రం మనలాగే నోటితో. ఆ దారి వేరు, ఈ దారి వేరు. కానీ రంధ్రంలోకి గ్లాసుడు నీళ్ళు పోయినా తిన్నగా ఊపిరితిత్తుల్లోకే పోతాయని, ప్రాణం మీదికి వస్తుందని, డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. అప్పటి నుంచి దాని స్నానం మెడ కిందికే.

దాని భర్త కృష్ణపట్నం పోర్టులో లారీ తోలేవాడు. ఆయన పోయాక దాన్ని నా దగ్గరికి తెచ్చుకున్నాను. నాకూ అప్పటికే ఇంట్లో తోడు లేదు. వచ్చిన వారమే నాతో పాటు చర్చికి వచ్చింది.

మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల, ఏసు చివరి విందుకు గుర్తుగా. రొట్టె ముక్క, ద్రాక్షరసం. మిగతా సంఘాల్లో ఎప్పుడో చిన్న చిన్న గ్లాసులు వచ్చేశాయి. మాకు మాత్రం ఒకే గిన్నె. తెల్లదొరల కాలం నాటిది, వెండిది, కాడ ఉన్నది, రెండు చేతులా పట్టుకోవాలి. ముందు వరుస నుంచి వెనక వరుస దాకా, నోటి నుంచి నోటికి అదే పోతుంది. సగానికి దిగినప్పుడల్లా డీకన్, అంటే పాస్టరుకు చేతి సాయంగా ఉండే సంఘం మనిషి, కూజాలోంచి నింపుతాడు. ఆఖరున మిగిలింది పారబోయకూడదు. అందరూ చూస్తుండగా పాస్టరే చుక్క మిగలకుండా తాగి, గిన్నెను తెల్లగుడ్డ మీద బోర్లించాలి. గుడ్డ మీద మరక కనపడకూడదు. కరోనా రోజుల్లో ప్లాస్టిక్ కప్పులు తెచ్చారు గాని, జబ్బు తగ్గగానే గిన్నెను మళ్ళీ తోమి బయటికి తీశారు. ఒకే రొట్టె, ఒకే గిన్నె, ఒకే కుటుంబం అని మా వాళ్ళు ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట.

ఆ ఆదివారం చెల్లెలు నా పక్కన కూర్చుంది. రొట్టె పళ్ళెం వచ్చింది. అది చెయ్యి చాపింది. డీకన్ పళ్ళేన్ని దాని తల మీదుగా ఎత్తి నా ముందు పెట్టాడు. గిన్నె కూడా అలాగే దాని తల మీదుగానే వచ్చింది. ఇంటికొచ్చిన కుక్కకైనా ఛీ పో అని ఒక మాట చెప్తాం. దానికి ఆ మాట కూడా దక్కలేదు. చాపిన చేతిని మెల్లగా కొంగులోకి తీసుకుంది.

కూటం అయ్యాక పాస్టరు దగ్గరికి పోయాను.

"రూలు రూలే టీచరమ్మా" అన్నాడు. "మునగనివాళ్ళకు బల్ల లేదు. మన పెద్దలు దీనికోసం ప్రాణాలిచ్చినారు."

"దాని గొంతు చూసినారు గదా అయ్యగారూ. మునిగితే పోతాది."

"చూసినానమ్మా. ప్రార్థనలో పెట్టినాం."

ఇంటికి వచ్చాక చెల్లెలు అన్నం ముందు కూర్చుని, కలపకుండా, బొటనవేలు గొంతు మీద పెట్టుకుంది. "పాట పాడలేను. సాక్ష్యం చెప్పలేను. అందరితో కలిసి నేను చెయ్యగలిగింది ఇంక అదొక్కటేనక్కా" అంది. వేలు తీసి అన్నం కలుపుకుంది. ఆపరేషన్ అప్పుడు ఏడవలేదు, మొగుడు పోయినప్పుడు కూడా నా ముందు ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది. దాని ఏడుపుకు చప్పుడు ఉండదు, గుడ్డ మాత్రం పైకీ కిందికీ ఆడుతుంది. అది చూసినవాళ్ళకు తెలుస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పాస్టరు, ఆ ఫ్లెక్సీ సంస్కర్త మొదలుపెట్టిన బాప్తిస్మానికి ఐదు వందల ఏళ్ళు నిండాయని పండగ తలపెట్టాడు. మైపాడు సముద్రం ఒడ్డున సభ, సముద్రంలో బాప్తిస్మాలు, అక్కడే షామియానా కింద బల్ల, అంతా యూట్యూబులో లైవు. సంస్కర్త జీవితం నేను చెప్పాలన్నాడు. నేను చదువుకున్నదాన్ని, చరిత్ర చెప్పినదాన్ని. సరేనన్నాను. మా చెల్లెల్ని బల్లకు దూరం పెట్టడానికి వాడుకుంటున్న ఆ పెద్దమనిషి ఎవరో చూద్దామని ఒప్పుకున్నాను.

చదివే కొద్దీ నాకు ఆ మనిషి మీద ప్రేమ పెరిగింది, మా సంఘం మీద రోత పెరిగింది.

ఆయన ఒక కేథలిక్ ఫాదరుకు పుట్టాడు. పెళ్ళి చేసుకోకూడని ఫాదరుకు. అంటే ఆయన తల్లి గురించి ఊరు ఏమనేదో నేను వేరే చెప్పక్కర్లేదు. పాత భాషలు చదువుకున్నాడు, లేఖనాలు మూలంలో చదవగలడు. ఆ పట్నంలో అప్పటికే ఒక పెద్ద సంస్కర్త ఆ కేథలిక్ పాత మతాన్ని దులిపి శుభ్రం చేస్తున్నాడు. ఈయన ఆ పెద్దాయన దగ్గర కూర్చుని చదువుకున్నవాడే. అయితే గురువు మెల్లగా పోదాం, పట్నం పెద్దలు ఒప్పుకున్నంత వరకే పోదాం అన్నాడు. శిష్యుడు, నిజానికి పెద్దల అనుమతి ఎందుకన్నాడు. పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇచ్చి జనాభా లెక్కలో రాసుకోవడం విశ్వాసం కాదన్నాడు. విశ్వాసం నోరు తెరిచి అడగగలిగినవాళ్ళదన్నాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పట్నం పెద్దలు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇప్పించకపోతే ఊళ్ళోంచి వెళ్ళగొడతామన్నారు. అప్పుడు ఆయన తల్లి ఇంట్లో కొద్దిమంది చలికాలం రాత్రి భయపడుతూ చేరి, ఒకరికొకరు బాప్తిస్మం ఇచ్చుకున్నారు.

ఎలా ఇచ్చుకున్నారు? నేను ఆ చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. నదికి పోలేదు. తొట్టి లేదు. ఇంట్లో ఉన్న నీళ్ళు గరిటెతో తీసి నెత్తిన పోసుకున్నారు. అంతే. తర్వాత రైతుల ఇళ్ళల్లో మామూలు రొట్టె విరిచి, ఉన్న గిన్నెతోనే పంచుకున్నారు. మా సంఘం తాత ముత్తాతగా చెప్పుకునే మనిషి ఇంట్లో మొదటి బాప్తిస్మం గరిటెడు నీళ్ళు!

పుస్తకం మూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. చెల్లెలు ఏమైందని చేత్తో అడిగింది. చెప్పాను. అది నవ్వలేదు. "చచ్చిపోయినప్పుడు ఎట్టా ముంచినారు?" అని అడిగింది.

అదీ చెప్పాను. మళ్ళీ మళ్ళీ జైల్లో పెట్టారు. ఒకసారి తప్పించుకున్నాడు, మళ్ళీ పట్టుకున్నారు. చివరికి, నీకు నీళ్ళంటే అంత ఇష్టం గదా అన్నట్టు, నీళ్ళే శిక్షగా వేశారు. మోకాళ్ళు ముడిపించి, చేతులు వాటి మీదుగా కట్టి, మధ్యలో కర్ర దూర్చి, పడవ మీంచి చన్నీళ్ళ నదిలోకి తోసేశారు. తల్లి ఒడ్డున నిలబడి, గట్టిగా ఉండు నాయనా, మాట తప్పబాక అని అరిచిందట. చంపింది పాత మతం వాళ్ళు కాదు. ఆయనతో పాటు పాత మతాన్ని ఎదిరించి బయటికి వచ్చిన సొంత మనుషులే. ఆయన గురువు అడ్డం చెప్పలేదు. ఆయన వెంట నడిచినవాళ్ళు కొండలకు పారిపోయి, పాడి పశువులు మేపుకుంటూ బతికారు. ఆ మాట దేశాలు తిరిగి, తిన్నగా కాకపోయినా చుట్టూ తిరిగి, ఓడలెక్కి మా నెల్లూరు దాకా వచ్చింది. వచ్చి, మా పాస్టరు చేతిలో పడింది.

పండగకు ముందు ఒక సాయంత్రం, నేను ఏం చెప్పబోతున్నానో వింటానని పాస్టరు ఇంటికి రమ్మన్నాడు. చెల్లెల్ని కూడా తీసుకుపోయాను. పాస్టరమ్మ కాఫీ తెచ్చింది. పాస్టరుకూ నాకూ స్టీలు గ్లాసులు. చెల్లెలికి పేపరు కప్పు. అది తీసుకుంది. నేను చూశాను, నేను చూశానని పాస్టరమ్మ కూడా చూసింది.

నేను చెప్పింది పాస్టరు కళ్ళు మూసుకుని విన్నాడు. విన్నాక ఒక్కొక్కటే తీసెయ్యమన్నాడు. పుట్టుక సంగతి వద్దు, పిల్లలు వింటారు. గరిటె సంగతి అసలే వద్దు, జనం గందరగోళపడతారు. చంపింది సొంతవాళ్ళే అనే మాట వద్దు, పాత మతం వాళ్ళు చంపారని చెప్పండి, బాగుంటుంది.

"అయితే ఇంకేం మిగిలింది అయ్యగారూ?"

"ఆయన విశ్వాసం ఉండాది గదమ్మా. ఆయన మరణం ఉండాది."

"ఎవరు చంపినారో చెప్పకుండా మరణం ఎట్టా చెప్పేది? జ్వరమొచ్చి పోయినాడనా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. పైన పటారం, లోన లొటారం అంటారే, దానికి సూటు తొడిగితే ఆయనే. మా మాటలు ఇలా నడుస్తుండగా పాస్టరమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అక్కా, ఉన్న మాట చెప్తా, ఏమనుకోబాక. మునిగేది గినిగేది కాదు. ఆ గిన్నె. ఆమె తాగినాక ఇంకెవురు తాగతారు చెప్పు? ఆ గుడ్డా, ఆ దగ్గూ. ఆడోళ్ళందురూ వచ్చి నాకు చెప్పి పోయినారు. ఆమెకిస్తే మేం బల్లకు రామన్నారు. ఆమె ఎట్టా మునగలేదు గదా, అందుకని అయ్యగారు రూలు చెప్పినారు. ఎవురికీ నొప్పి లేకుండా అయిపోతాది గదక్కా."

సిద్ధాంతమైతే వాదించవచ్చు. ఐదు వందల ఏళ్ళ కిందటి మనిషి శవాన్ని తెచ్చి ఆడవాళ్ళ ఎంగిలి పట్టింపుకు అడ్డం పెట్టుకున్నారు. దాన్ని ఏమని వాదించను? "రోజూ ఆ గొట్టం కడిగేది నేను. ఆ గుడ్డలు ఉతికేది నేను. నాకు రాని రోత మీకెందుకే వచ్చింది?" అన్నాను.

మాట కష్టమైనవాళ్ళకు చెవులు కూడా ఉండవని లోకం అనుకుంటుంది. వంటింటికీ ముందు గదికీ మధ్య ఒక కర్టెనే. మేము బయటికి వచ్చేసరికి చెల్లెలు లేచి నిలబడి ఉంది. పేపరు కప్పు బల్ల మీద పెట్టింది. కాఫీ తాగలేదు.

బొటనవేలు గొంతు మీద పెట్టుకుని పాస్టరును అడిగింది. "మునిగితే బల్ల ఇస్తారా అయ్యగారూ?"

పాస్టరు భార్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మునిగితే... రూలు ప్రకారం... ఇయ్యాల్సిందే గదమ్మా."

"అయితే పండగ రోజు నేనూ మునుగుతా."

ఇంటికి వచ్చే ఆటోలో నేను దాన్ని తిట్టని తిట్టు లేదు. పిచ్చిదానివన్నాను, మొండిదానివన్నాను. రొట్టె ముక్క కోసం చస్తావా అన్నాను. ఆటో అతను అద్దంలోంచి చూస్తున్నాడు. చివరికి అది వేలు పెట్టుకుంది. "నన్ను ముంచేదానికి ఆయనకు ధైర్యం ఉండాదో లేదో చూస్తానక్కా."

"ఉంటే?"

"ఉంటే నీ కళ్ళ ముందరే పోతా."

వేలు తీసేసి రోడ్డు వైపు తిరిగింది. ఇంక ఆ విషయం మీద దాన్ని మాట్లాడించడం నా వల్ల కాలేదు.

పాస్టరు మా ఇంటికి వచ్చాడు. ఆరోగ్యం ముఖ్యం గదమ్మా అన్నాడు. అయితే మునక్కుండానే బల్ల ఇయ్యండి అంది. అది కుదరదన్నాడు. అయితే మునుగుతా అంది. సంఘ పెద్ద ఒకాయన వచ్చాడు. విశ్వాసం ఉంటే నీళ్ళు లోపలికి పోవమ్మా అని ధైర్యం చెప్పాడు. ఆయనకు షుగరు ఉంది, మాత్ర వేసుకోకుండా ఒక్క పూట ఉండడు. ఆ సంగతి ఆయనకే గుర్తుచేశాను. ఆ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు.

పండగ రోజు మైపాడులో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వలలు బాగుచేసుకునే మనుషులు చేతులు ఆపి మా వైపు చూస్తున్నారు. షామియానా, కీబోర్డు, డ్రోను కెమెరా. చెన్నై నుంచి వచ్చిన అతిథులు సోఫాల్లో కూర్చున్నారు. ఇసుకలో సోఫాలు సగం దిగబడ్డాయి.

నన్ను మైకు దగ్గరికి పిలిచారు. పాస్టరు తీసెయ్యమన్నవన్నీ చెప్పాను. పుట్టుక చెప్పాను. సొంతవాళ్ళే చంపారని చెప్పాను. తల్లి ఇంట్లో గరిటెతో నెత్తిన పోసిన నీళ్ళే మన వంశానికి మొదటి బాప్తిస్మం అని చెప్పబోతుంటే కీబోర్డు మొదలైంది. హల్లెలూయ అని పాస్టరు ఇంకో మైకులో కేక వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. గరిటె సంగతి ఎంతమందికి వినపడిందో నాకు తెలియదు. మైకు అక్కడే వదిలేసి దిగి వచ్చాను.

బాప్తిస్మం తీసుకునేవాళ్ళు తెల్లబట్టల్లో వరుసగా నిలబడ్డారు. అందరూ చిన్నవాళ్ళే. మధ్యలో నెరిసిన జుట్టుతో మా చెల్లెలు, తెల్లచీర, మెడకు తెల్లగుడ్డ. పాస్టరు నడుము లోతు నీళ్ళలో ఉన్నాడు. ఇద్దరు డీకన్లు ఆయనకు అటూ ఇటూ. ఒక్కొక్కరినీ పట్టుకుని వెనక్కి వాల్చి ముంచి లేపుతున్నారు. లేచినవాళ్ళు ఉక్కిరిబిక్కిరవుతూ, ముక్కు తుడుచుకుంటూ ఒడ్డుకు వస్తున్నారు. పైన డ్రోను ఈగలాగా గుయ్యిమంటోంది.

చెల్లెలి వంతు వచ్చింది. చీర కుచ్చెళ్ళు పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా. తొడల దాకా. ఒక అల వచ్చి దాని నడుము తడిపింది. ఇంకొంచెం పెద్ద అల వస్తే చాలు, పాస్టరు ముంచే పని కూడా ఉండదు.

మైకులో నేను చెప్పిన ఆ తల్లి గుర్తొచ్చింది. గట్టిగా ఉండు అని అరిచిందట. నాకు ఆ తల్లి మీద కూడా కోపం వచ్చింది. బిడ్డ నీళ్ళలో ఉంటే ఎవరైనా ఆ మాట అంటారా? నేను ఒడ్డున నిలబడి, "రాయే, ఎనక్కి రాయే, వాళ్ళూ వద్దు వాళ్ళ బల్లా వద్దు" అని గొంతు చించుకున్నాను. ఎవరో నా భుజం పట్టుకుని ఆపారు. అది వెనక్కి తిరగలేదు.

పాస్టరు దాని వీపు మీద ఒక చెయ్యి వేశాడు. రెండో చెయ్యి తలకు పెట్టబోయి ఆపాడు. అది రంధ్రం మీద వేలు పెట్టింది. మునగడానికి మూసుకుంటోందని డీకన్లు అనుకున్నారు. నాకు తెలుసు, అది మాట్లాడుతోంది. ఏం మాట్లాడిందో ఆ గాలికి నాకు వినపడలేదు, తర్వాత ఇంట్లో చెప్పింది. "ముంచండి అయ్యగారూ. పోతే మీ చేతుల్లోనే పోతా. టీవీలో అందరూ చూస్తా ఉండారు" అందట.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాస్టరు డ్రోను వైపు చూశాడు. సోఫాల వైపు చూశాడు. ముంచితే పోలీసు కేసు, ముంచకపోతే రూలు. అలలు వచ్చి పోతున్నాయి. చివరికి దోసిట్లో నీళ్ళు తీసుకుని దాని నుదుటికి పైన, జుట్టు మీద, గుడ్డ మీద చుక్క పడకుండా, మెల్లగా పోశాడు. త్రియేక దేవుని పేర అన్నాడు. షామియానా కింద కూర్చున్న జనానికి మాత్రం ఎవరో అందించిన మైకులో, "సహోదరి బలహీనతను బట్టి" అని మొదలుపెట్టి, ఏదో కృప అన్నాడు, ఏదో కాలం అన్నాడు. ఇన్నాళ్ళూ బాప్తిస్మమే కాదన్నది ఆయన చేతులతోనే ఆయన చేశాడు. అంతమంది చూశారు కాబట్టి ఇంక వెనక్కి తీసుకోలేడు.

అది ఒడ్డుకు రాగానే తువ్వాలు కప్పి కూర్చోబెట్టాను. రెండు చెంపలూ వాయించాలనిపించింది. దాని చేతులు మంచులా ఉన్నాయి. పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత బల్ల. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు ఆ రోజు గిన్నె మొదట ఇవ్వాలి. పెద్దవాళ్ళకు ముందు ఇవ్వాలి. అందరిలోకీ పెద్ద మా చెల్లెలే. ఆ సంగతి పాస్టరుకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది, నుదురు తుడుచుకున్నాడు. నిండా పోసిన వెండి గిన్నె రెండు చేతులా పట్టుకుని దాని దగ్గరికి వచ్చాడు. అది తాగింది. దగ్గలేదు, చుక్క కారలేదు. పెదవులు కొంగుతో తుడుచుకుని గిన్నె అంచు కూడా తుడిచి తిరిగి ఇచ్చింది.

అక్కడి నుంచి నేను చూసింది జన్మలో మర్చిపోను. గిన్నె నోటి నుంచి నోటికి పోయింది. ప్రతివాళ్ళూ ఎత్తారు, కళ్ళు మూశారు, తల వంచారు. ఒక్కరి గొంతూ కదలలేదు. పెదవులు బిగించి గిన్నె అంచుకు ఆనించి, ఆమెన్ అని పక్కకు ఇచ్చేశారు. సంఘ పెద్ద అయితే అంచుకు కూడా ఆనించలేదు. సోఫాల్లోని అతిథులకు విషయం ఎవరు చెప్పారో, వాళ్ళూ అంతే. కెమెరా ముందు అందరూ భక్తిగా తాగుతున్నట్టే ఉన్నారు. డీకన్ కూజా పట్టుకుని గిన్నె వెంట తిరిగాడు గాని, ఒక్కసారి కూడా వంచాల్సిన పని పడలేదు. నా దగ్గరికి వచ్చినప్పుడు చూశాను, గిన్నె ఇంకా నిండుగానే ఉంది. నేను గుక్క తాగాను. వలల దగ్గర నుంచి వచ్చి వెనక కూర్చున్న ఒక ముసలామె రెండు గుక్కలు తాగి, బాగుందని చెప్పింది. ఆమె మా సంఘం మనిషి కూడా కాదు. డీకన్‌కు ఆమెను ఆపాలని తోచలేదు.

ఆ గిన్నె బయటికి రావడం అదే ఆఖరు. తర్వాతి నెల నుంచి చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి, ఆరోగ్య కారణాలన్నారు. తెల్లదొరల నాటి గిన్నెను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. మా చెల్లెలి నోరు తగిలినదాంట్లో తాగడం కంటే, తాతల నాటి గర్వాన్ని బీరువాలో దాచుకోవడమే వాళ్ళకు తేలికైంది. చెల్లెలికి మాత్రం కప్పు వస్తుంది. ఎవరూ ఇంక దాని తల మీదుగా పళ్ళెం ఎత్తరు.

కానీ ఆ రోజు గిన్నె తిరిగి తిరిగి పాస్టరు చేతికే వచ్చింది. దాదాపు నిండుగా. పారబోయకూడదు. మరక పడకూడదు. చెన్నై అతిథులు చూస్తున్నారు, పైన డ్రోను గుయ్యిమంటోంది. తెల్లగుడ్డ పరిచి డీకన్ సిద్ధంగా ఉన్నాడు. పాస్టరు గిన్నెలోకి చూశాడు, మా వైపు చూశాడు. పాస్టరమ్మ తల దించుకుంది. ఆయన గిన్నె ఎత్తాడు. కక్కలేక మింగలేక, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, ఒక్కొక్క గుక్కా లోపలికి దిగడం నాకు కనపడింది. నాకు ఏమాత్రం జాలి వెయ్యలేదు.

కీబోర్డు కూడా ఆగింది. నా పక్కన చెల్లెలు చెయ్యి విడిపించుకుని, బొటనవేలు గొంతు మీద పెట్టుకుంది. ఆ గరగర గొంతు వెనక వరుస దాకా వినపడింది.

"మెల్లగా తాగండి అయ్యగారూ. పొలమారతాది."